ముందు వాక్యం, తర్వాత ఉప్మా

మా అత్తమ్మ పొద్దున లేచాక బైబిలు వాక్యం చెవిన పడేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. ఈ సంగతి చర్చిలో ఎవరికి చెప్పినా కళ్లు పెద్దవి చేసి "ఎంత భక్తి!" అంటారు. అనడానికేం, నోటి మాటే కదా. ఆమెకు అక్షరం ముక్క రాదు. చదివి వినిపించాల్సింది నేను. అదీ ఎప్పుడు? నల్లా వచ్చే వేళకే, స్టవ్ మీద ఉప్మా అడుగంటే వేళకే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సాక్సు ఒకటి దొరికి రెండోది దొరకక ఇల్లంతా తిరిగే వేళకే. అంత హడావుడి మధ్య ఆమె గోడకు ఆనుకుని, కొంగు తలమీదికి లాక్కుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఒక్క మాట అనదు. అంటే బాగుండు, నేనూ తిరిగి ఒక మాట అని కోపం తీర్చుకునేదాన్ని.

మేముండేది గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ క్వార్టర్లో. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. నేను కమాన్‌పూర్ వైపు ఒక ఊళ్లో సర్కారు బడి పంతులమ్మను. బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ స్కూటీ మీద వెళ్లాలి. బడికి వెళ్లగానే ఫోన్‌కు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది. హెడ్మాస్టరైతే "అత్తమ్మకు వాక్యం చదివేసరికి ఆలస్యమైంది సార్" అని బతిమాలుకోవచ్చు. ఫోన్‌ను ఎక్కడ బతిమాలతాం?

పైగా ఆమెకు షుగర్ ఉంది. లేచి ముఖం కడుక్కోగానే గోలీ వేసుకుంటుంది, అది మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా వేళ తప్పదు. గోలీ వేసుకున్నాక కాసేపట్లో కడుపులో ఏదో ఒకటి పడాలని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆమె అన్నింటికీ తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం తన పద్ధతి తనదే. అంటే ఏ రోజైనా నేను చదవకుండా బడికి వెళ్లిపోతే ఇంట్లో ఒక ముసలి ప్రాణం గోలీ మింగి ఖాళీ కడుపుతో కూర్చుంటుందన్న మాట. ఇంతకన్నా పెద్ద బెదిరింపు ఏ అత్త ఏ కోడలికీ పెట్టి ఉండదు. గొంతు పెంచకుండా, నవ్వుతూ, కొంగు సర్దుకుంటూ పెట్టే బెదిరింపు.

ఈ అలవాటు మా మామయ్యతో మొదలైంది. ఆయన పాత రోజుల్లో భూగర్భ గనిలో బొగ్గు తవ్విన మనిషి. రాత్రి బడిలో కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాడట. ఏ షిఫ్టయినా సరే, డ్యూటీకి బయల్దేరే ముందు బైబిలు తీసి ఒక అధ్యాయం పైకి చదివేవాడు, ఆమె వినేది. తర్వాత ఇద్దరూ కూర్చుని తినేవాళ్లు. రిటైరయ్యాక కూడా అంతే, వెళ్లడానికి డ్యూటీ లేకపోయినా చదివేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లోకి ఆయన గొంతు వినబడుతుంటే నాకు బాగానే ఉండేది. అప్పుడు చదివేది నేను కాదు కదా. ఆయన పోయాక ఆ పని మా నెత్తిన పడింది.

మా అంటే మా ఇద్దరికీ. కానీ మా ఆయనకు షిఫ్టులు. ఒక వారం ఫస్టు షిఫ్టు, కోడి లేచేలోపు వెళ్లిపోతాడు. ఇంకో వారం సెకండు షిఫ్టు, పొద్దెక్కేదాకా పడుకుంటాడు. నైటు షిఫ్టు వారం నేను హెల్మెట్ పెట్టుకునే వేళకు గుమ్మంలోకి వస్తాడు, ముఖాన బొగ్గు మసి, కళ్లు రెండూ మూతలు పడుతూ. మాది గడియారం చూసి నడిచే ఇల్లు కాదు, షిఫ్టు చూసి నడిచే ఇల్లు. పండక్కి చుట్టాలను పిలవాలన్నా, గ్యాసు బండ తెప్పించాలన్నా "ఏ షిఫ్టు?" అనే అడుగుతాం. ఇలాంటి ఇంట్లో "ప్రతి రోజూ ఒకే వేళకు వాక్యం చదవండి" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెప్పేవాళ్లకు కొదవ లేదు. మా చర్చిలో మహిళా కూడిక ఉంది. అందులో ఒకావిడ ప్రతి నెలా లేచి సాక్ష్యం చెబుతుంది, తెల్లవారుజామునే లేచి మోకాళ్ల మీద ఉండి ఎన్ని అధ్యాయాలు చదువుతుందో. ఆమె భర్త ఆఫీసులో కూర్చునే ఉద్యోగి, కోడలు వంట చేస్తుంది, ఇంట్లో బోరుంది. నల్లా కోసం బిందె పట్టుకుని నిలబడే పని లేని మనిషికి తెల్లవారుజామున మోకాళ్లు వంగక ఏమవుతుంది? ఇక అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రసంగం మధ్యలో "ఫోన్‌కు టైముంటది గాని దేవునికి ఉండదా అమ్మా?" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన నావైపే చూస్తున్నట్టు నాకు అనిపిస్తుంది. నా ఫోన్‌లో ఉండేవి బడి హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, పై ఆఫీసు నుంచి వచ్చే మెసేజీలు. ఆ ఫోన్ తీసుకుపోయి ఆయన ఒక్క రోజు నడిపి చూడాలి.

నాకు దేవుడి మాట మీద ప్రేమ లేదని కాదు. పెళ్లికి ముందు, టీచర్ ట్రైనింగ్ రోజుల్లో, హాస్టల్ కిటికీ దగ్గర కూర్చుని నా అంతట నేను చదువుకున్నదాన్ని. ఒక్కో వచనం దగ్గర ఆగి, ఇదెందుకిలా అన్నాడబ్బా అని ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఒక కన్ను ఉప్మా మీద, ఒక కన్ను పేజీ మీద పెట్టి లారీలాగా లాగించేస్తాను. చదివిన మాట అత్తమ్మకు వినబడుతుందేమో గాని నాకు వినబడదు. అధ్యాయం అయ్యాక "ఇందాక ఏం చదివావు?" అని ఎవరైనా అడిగితే చెప్పలేను. అన్నిటికన్నా నాకు కష్టమనిపించేది అదే.

తప్పించుకునే దారులు మా ఆయన చాలా చూశాడు. సెకండు షిఫ్టు వారం ఒకసారి "నువ్వు పో, నేను చదువుత" అని పెద్ద మనసు చేసుకున్నాడు. నేను సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, ఆయన కీర్తనలన్నీ తిరగేసి, రెండే రెండు వచనాలున్న కీర్తన ఒకటి పట్టుకున్నాడు. రోజూ అదే. మంచం మీంచి లేవకుండానే చదివి, అటు తిరిగి పడుకునేవాడు. కొన్ని రోజులు ఊరుకుని అత్తమ్మ అడిగింది.

"ఏందిరా, గిది నిన్న సదివిందే గదా?"

"మంచిగుందని మళ్ల చదివిన అవ్వా."

"మొన్న గూడ గిదే."

"మస్తు మంచిగుంది అవ్వా."

"గంత మంచిగుంటె దాని పక్కలున్నయి గూడ మంచిగనే ఉంటయి. రేపటి నుంచి అవ్వి సదువు."

ఆ కీర్తన తర్వాత ఒక్కటి దాటగానే అన్నింటికన్నా పొడుగాటిది కాచుకుని కూర్చుంది. మా ఆయన దాని జోలికి వెళ్లాక సగంలోనే గురక పెట్టాడు. ఆమె మిగతా సగం కోసం నేను స్నానం చేసి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

తర్వాత ఫోన్‌లో పెట్టాడు. ఎవరో మంచి గొంతున్న మనిషి, వెనక సన్నగా సంగీతం, తప్పులు లేకుండా చదివేస్తున్నాడు. నాకైతే పాలు పొంగించుకుంటూ వినడానికి హాయిగా ఉంది. అత్తమ్మ చివరిదాకా విన్నది. ప్లేటు దగ్గరికి జరిపాను. ఆమె దాన్ని అంతే మర్యాదగా అవతలికి జరిపింది.

"ఈయన ఏ ఊరాయన?"

"ఏమో అత్తమ్మా, నాకేం తెలుసు."

"మంచిగ సదివిండు. గాయన ఇంట్ల గాయన సదువుకున్నడు. మన ఇంట్ల ఎవరు సదివిండ్రు?"

అమ్మాయికి అప్పజెబుదామంటే దానిది ఇంగ్లీషు మీడియం. బైబిలులోని పాత తెలుగు దాని నోట్లో గులకరాళ్లే. ప్రతి మాట దగ్గరా ఆగి "మమ్మీ, ఇదేంటి?" అని వంటింట్లోకి కేకేస్తుంది. అది చదివిన రోజు నాకు రెండు పనులు. ఒకటి ఉప్మా, రెండోది టీకా తాత్పర్యం. ఇంతకన్నా నేనే చదవడం నయమనుకుని మళ్లీ నేనే తగులుకున్నాను. విసుక్కుంటూ, సణుక్కుంటూ, చేతికున్న పిండి పేజీలకు అంటించుకుంటూ అలాగే నెట్టుకొచ్చాను.

మొన్న ఎండాకాలం పరీక్షల్లో వచ్చింది అసలు కష్టం.

పదో తరగతి పరీక్షలకు నాకు దూరంగా ఒక సెంటర్లో డ్యూటీ పడింది. పొద్దున్నే బయల్దేరాలి. అమ్మాయికి కూడా ఒంటిపూట బడి, అది నాకన్నా ముందే వెళ్లిపోయింది. మా ఆయనది నైటు షిఫ్టు. ముందు రోజు సాయంత్రమే ఆయనకు ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"రేపు నేనుండను. నువ్వు రాంగనే చదువు. చదివినంకనే పడుకో. అత్తమ్మ నీకోసం చూస్తది."

"చదువుతనే. చిన్న పోరన్నా, గన్ని సార్లు చెప్తున్నవు."

పొద్దున ఉప్మా చేసి గిన్నె మీద మూతపెట్టాను. బైబిలు కుర్చీ పక్కన బల్ల మీద పెట్టాను, కనబడలేదన్న సాకు లేకుండా. అత్తమ్మతో కూడా చెప్పి వెళ్లాను. సెంటర్లో ఫోన్లు తీసుకుని పక్కన పెట్టేస్తారు. పిల్లలు రాసేంతసేపు గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఇవాళ ఒక్కరోజైనా నా గొంతుకు సెలవు దొరికిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం ఎండలో మాడిపోయి ఇంటికొచ్చి తలుపు తోశాను. కరెంటు లేదు. మా ఆయన కుర్చీలోనే ఉన్నాడు, డ్యూటీ బట్టల్లోనే. తల వెనక్కి వాలిపోయి నోరు తెరిచి ఉంది. ఒళ్లో బైబిలు, తెరిచిన పేజీ మీద ఆయన చెయ్యి. కుర్చీ పక్కన నేల మీద అత్తమ్మ. చేతిలో విసనకర్ర. కొడుక్కు విసురుతోంది. విసురుతోంది అని రాశాను గాని ఆ చెయ్యి లేస్తే లేస్తోంది, లేకపోతే మధ్యలోనే వణికి ఆగిపోతోంది. జాకెట్టంతా చెమటతో తడిసి ముద్దయింది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకోబోయింది, వేలు నోటిదాకా రాలేదు.

"నైటు షిఫ్టు చేసొచ్చిండు... లేపకు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

వంటింట్లోకి చూశాను. గిన్నె మీద మూత నేను పెట్టినట్టే ఉంది.

బయటివాళ్లకు ఇది పిచ్చితనంగా కనిపిస్తుంది. మా గనుల దగ్గర కనిపించదు. ఇక్కడ నైటు షిఫ్టు చేసి పడుకున్న మనిషిని ఎవరూ లేపరు. ఆ ఇంట్లో మిక్సీ వెయ్యరు, వాకిట్లో పిల్లలను ఆడనివ్వరు, కూరగాయలమ్మే ఆమె కూడా ఆ గుమ్మం ముందు గొంతు తగ్గిస్తుంది. నిద్ర చాలని మనిషి ఆ రాత్రి మళ్లీ గనిలోకి దిగాలి, కునుకు పడితే ప్రాణం పోతుంది. మా అత్తమ్మ ఉద్యోగమున్నన్నాళ్లూ మామయ్య నిద్రకు అలా కాపలా కాసిన మనిషి. ఇప్పుడు కొడుకు నిద్రకు కాసింది. వాక్యం వినందే తినకూడదు, నైటు షిఫ్టు మనిషిని లేపకూడదు. ఈ రెండింటి మధ్య గోలీ మింగిన ఖాళీ కడుపుతో, పొద్దుటి నుంచి, పక్కన కూర్చుని విసురుతూ ఉంది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె మీద, ఆయన మీద, ఆ గోలీ మీద, ఇంకా చెప్పాలంటే ఆ పుస్తకం మీద కూడా.

గట్టిగా అరిచాను. కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో నైటు షిఫ్టు నిద్ర మీద అరవడం అదే మొదటిసారి. ఆయన ఉలిక్కిపడి లేచాడు, బైబిలు కిందపడింది. నేను గ్లాసులో ఇంత చక్కెర పోసి నీళ్లు కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె పెదవులు బిగబట్టింది.

"అత్తమ్మా, తాగు!"

"వాక్యం..."

నేనేం చెప్పను? బైబిలు కుర్చీ కింద ఉంది. వెతికి, తెరిచి, చదివే టైమెక్కడిది? ఇన్నేళ్లు చర్చికి పోయి, ఇన్నేళ్లుగా రోజూ చదివి, ఆ క్షణంలో నా బుర్రలోకి ఒక్క కీర్తన రాలేదు. వచ్చింది ఒక్కటే. ఆదివారపు బడిలో కంఠతా వచనం నేర్చుకోకుండా వచ్చిన పిల్లలు టీచరమ్మను తప్పించుకోవడానికి అప్పజెప్పే వచనం. మొత్తం బైబిలులో అన్నింటికన్నా పొట్టిది, ప్రభువు ఏడ్చాడని చెప్పేది. దాన్నే నేను ఆమె ముఖం మీద కేకేసి చెప్పాను. కోపంతో చెప్పానో ఏడుస్తూ చెప్పానో నాకు తెలియదు, రెండూ ఉన్నాయి. ఆమె విని, కళ్లు మూసుకుని "ఆమెన్" అని నోరు తెరిచింది. గ్లాసు ఖాళీ చేసింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. షుగర్ బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు. డాక్టర్ వచ్చి ఆమెను ఏమీ అనలేదు, మా ఆయన్ను ఏమీ అనలేదు. నన్ను చూసి "మీరు టీచర్ కదమ్మా, ఆ మాత్రం తెలియదా?" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనేం చెప్పుకోను, ఎక్కడ మొదలుపెట్టి చెప్పుకోను? తలూపి మందుల చీటీ అందుకున్నాను. పక్కన మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పాపం, ఆయన తప్పు కూడా ఏముంది, పేజీ తెరిచాకే నిద్రపోయాడు.

ఇంటికి తెచ్చాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఇది నాతో అయ్యే పని కాదు, అయ్యగారిని పిలిచి ఈ మొక్కుబడిని ఆయన చేతనే విప్పించాలి. పిలిచాం. ఆయన సాయంత్రం వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, చాలా మెత్తగా మొదలుపెట్టాడు. దేవుడు మన కడుపు మాడ్చుకోమని అడగడనీ, రోగమున్నవాళ్లకు ఉపవాసం అక్కర్లేదనీ, ఆయన దయగలవాడనీ చెప్పాడు. బాగా చెప్పాడు. నేను తలుపు పక్కన నిలబడి, అబ్బ, మొదటిసారి ఈయన నా పక్షాన మాట్లాడుతున్నాడనుకున్నాను.

అత్తమ్మ అంతా విన్నది. తర్వాత అడిగింది.

"దేవుడు అడిగిండని నేనెప్పుడన్న అయ్యగారూ?"

ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "మరి ఎందుకమ్మా తినవు?"

"మా ఇంటాయన పోయినంక చానా దినాలు సూసిన. ఆ పుస్తకం అల్మారీల నుంచి ఎవ్వలు దించలే. కొడుకుకు డ్యూటీ, కోడలుకు బడి. నేను అడుగలే. అడిగితే యాష్టపడ్తరు, ఇసుక్కుంటరు. ఒకనాడు పానం మంచిగ లేక నేను తినలే. అప్పుడు గీ పిల్ల వచ్చి పక్కన కూసుండి, పుస్తకం తెరిసి సదివింది. సదివినంక తిన్న. తెల్లారి గూడ తినలే. తెల్లారి గూడ సదివింది." ఆమె నా వైపు చూసింది. "నేను తిన్ననంటె మీరు సదువుతరా బిడ్డా?"

అయ్యగారు నన్ను చూశాడు, నేను మా ఆయన్ను చూశాను, ఆయన గోడను చూశాడు. ఇన్నేళ్లుగా భక్తి అనుకుని తలొంచి మోసిందంతా ఈ ముసలామె మా మీద కట్టిన పందెమన్న మాట! కడుపును తాకట్టు పెట్టి మా చేత చదివించింది. చెప్పొద్దూ, నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆమె అడిగినదానికి జవాబు వెతికితే నిజాయితీగా దొరికింది ఒక్కటే. చదవం. ఆమె తినేస్తే మేం చదవం. ఆ పుస్తకం కవరు జిప్పు కూడా తియ్యం. ఆ నిజం మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. అయ్యగారు లేచి ప్రార్థన చేశాడు, ఎప్పటికన్నా పొడుగ్గా చేశాడు. మొక్కుబడి విప్పడానికి వచ్చిన మనిషి దాని ఊసెత్తకుండానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నేను పళ్లెంలో ఉప్మా పెట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని ఆమె ముందు చతికిలబడ్డాను. గోలీ నా గుప్పెట్లో ఉంది.

"ఇగ సూడు అత్తమ్మా. నీ మొండితనం నీకుంటె నా మొండితనం నాకున్నది. ఒక్క ముద్ద నోట్లె పెట్టు, గోలీ ఇస్త. గోలీ మింగు, ఒక్క వచనం చదువుత. నువ్వు నమిలితెనే నేను చదువుత. నువ్వు ఆపినవంటె నేను గూడ ఆపుత. అధ్యాయం సగంల ఉన్నా సరే, పుస్తకం మూసి పోత."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గట్లనా?" అంది.

"గట్లనే."

ఆమె ముద్ద తీసుకుంది. నేను బైబిలులో మొదటి పుస్తకం మొదటి పేజీ తీశాను. అలా నడిచింది. గెలిచానని నేను సంబరపడేలోపే ఆమె కిటుకు కనిపెట్టేసింది. ముద్దలు చిన్నవి చేసింది. పిచ్చుక గింజలేరినట్టు ఒక్కో పలుకూ నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి, "ఊఁ, ఇంకోటి" అంటుంది. ఉప్మా అయిపోతే "ఇంకింత ఎయ్యి" అంటుంది. సగం ప్లేటు వదిలేసే మనిషి అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టింది. షుగర్ మనిషికి మారు వడ్డించొచ్చో లేదో ఆ డాక్టర్‌ను అడిగితే మళ్లీ నన్నే తిడతాడని ఉప్మాలో రవ్వ తగ్గించి కూరగాయలు పెంచాను. నాకు పని తగ్గలేదు, పెరిగింది. ముందు ఒక అధ్యాయం లాగించేసి లేచేదాన్ని, ఇప్పుడు ఆమె దవడలు కదిలినంతసేపూ కూర్చోవాలి. కూర్చుని ఖాళీగా ఉండలేక చదివేది నేను కూడా వినడం మొదలుపెట్టాను.

అలా మొదటి పుస్తకంలో అన్నలంతా కలిసి తమ్ముణ్ణి గుంటలో పడేసే దగ్గరికి వచ్చాం. ఆ రోజు బడిలో తనిఖీ ఉంది, ముందే వెళ్లాలి. హెల్మెట్ తలకు పెట్టేసుకునే చదువుతున్నాను. బట్టలు ఊడదీశారు, గుంటలో పడేశారు, అందులో నీళ్లు లేవు. అక్కడికి ఆపి పుస్తకం మూసి లేచాను.

"ఏంది, పోతున్నవా?"

"టైమైంది అత్తమ్మా. మిగతాది రేపు."

"ఆన్ని బాయిలనే ఇడిసిపెట్టి పోతవా?"

"రేపు తీస్త. ఎన్నడో జరిగిన కథ, ఒక్క రోజుకు ఏమైతది?"

ఆమె నవ్వలేదు. "ఒక్క రోజా" అంది. "నీకేం ఎరుక బిడ్డా. షిఫ్టు దిగినోళ్లంత మొకాలు కడుక్కొని ఇండ్లకు వచ్చినంక, మనోడు ఒక్కడు రాకుంటె ఎట్లుంటదో. ఎవ్వల్నడిగినా ఎనకాల వస్తుండనే అంటరు. గుమ్మంల నిలబడి సూసుడే."

మా దగ్గర నీళ్ల బావినీ బొగ్గు గనినీ కూడా బాయి అనే అంటారు. మామయ్య బాయిలోంచి అలా ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చాడో ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. స్కూటీ తాళాలు చేతిలో పట్టుకుని నిలబడే పుస్తకం తెరిచాను. తర్వాతి వచనంలో, తమ్ముణ్ణి లోపల పడేసిన అన్నలు భోజనానికి కూర్చున్నారు.

ఆమె నమలడం ఆపేసింది. చేతిలో ముద్ద పళ్లెం అంచున పెట్టింది.

"లోపల ఆడుంటె తిన్నరా?"

"తిన్నారట."

"ఎట్ల పోయింది ముద్ద" అంది. నన్ను అడిగినట్టు లేదు.

ఆమె నమిలితేనే నేను చదవాలన్నది మా ఒప్పందం. ఆమె నమలడం లేదు. నేను చదువుతూనే ఉన్నాను, తనిఖీ గుర్తుంది, ఫోన్ గుర్తుంది, అయినా చదువుతూనే ఉన్నాను. వర్తకులు వచ్చారు. అన్నలు బేరం పెట్టారు. గుంటలోంచి తమ్ముణ్ణి పైకి లాగారు, డబ్బుకు అమ్మేశారు, పరాయి దేశానికి పంపేశారు.

"అమ్మేసిండ్రు అత్తమ్మా" అన్నాను.

"అమ్ముకుంటె అమ్ముకున్నరు బిడ్డా. పైకైతె వచ్చిండు గదా" అని, అంచున పెట్టిన ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.